వెనక హౌసింగ్ మెలి తిరుగుడు: వి-క్రాస్‌కి అదనపు పట్టీయా, ట్రాక్షన్ బారా?

#1 ఘాట్‌దారి

అందరికీ నమస్కారం. బండి ఇసుజు వి-క్రాస్ పికప్, 1.9 డీజిల్, 6 గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్. వెనక కంపెనీ కమాన్లే (ఉక్కు పట్టీలు కట్టగా పేర్చిన స్ప్రింగులు) ఉన్నాయి. హౌసింగ్‌కీ (వెనక ఇరుసు ఉండే గొట్టం) కమాన్‌కీ మధ్య 50 మి.మీ. ఇనప దిమ్మలు పెట్టి ఎత్తు లేపారు. టైర్లు 265/60 ఆర్18.

ఇబ్బంది మూడు రకాలుగా ఉంది. 500, 600 కిలోల లోడుతో ఎత్తు మీద మొదటి గేర్లో క్లచ్ వదిలితే మొదటి రెండు మీటర్లు కింద నుంచి వణుకు, ఆ తర్వాత మాయం. ఖాళీ బండి గులకరాళ్ళ ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రాలు టకటకా ఎగురుతాయి. గట్టిగా బ్రేకు కొడితే వెనక ఒక్క "టక్".

ఒక షాపులో కమాన్‌కి అదనపు పట్టీ వెయ్యమంటారు, ఇంకో షాపులో గాలి బెలూన్లు, మరొకరు ట్రాక్షన్ బార్ (హౌసింగ్ మెలి తిరక్కుండా ఛాసిస్‌కి కట్టే రాడ్). ముందు ఏది?

#2 పట్టీల_మేస్త్రి

ముందు ఏదీ కొనకండి. మూడు లక్షణాలకి మూడు వేరు వేరు కారణాలుండచ్చు.

గంట పని, ఖర్చు లేదు. బండిని చదును నేల మీద నిలిపి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు వైపులా టేపుతో కొలవండి. స్టీరింగ్ నిటారుగా ఉండాలి. రెండు కొలతలకీ 5 మి.మీ. కంటే తేడా వస్తే కమాన్ పట్టీల మధ్యలో గుచ్చి ఉండే సెంటర్ బోల్ట్ మీద అనుమానం పెట్టుకోండి. ఆ బోల్ట్ తల దిమ్మ గుంటలో కూర్చుని హౌసింగ్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకుంటుంది. కమాన్‌ని హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు వదులైతే ఆ బరువంతా దాని మీద పడి కోసుకుపోతుంది.

తర్వాత దిమ్మ అంచుల దగ్గర, కింది ప్లేటు దగ్గర టార్చి వేసి చూడండి. మిలమిల మెరిసే గీతలో, ఎర్రటి తుప్పు పొడో ఉంటే అక్కడ రాపిడి జరుగుతున్నట్టే. అది యూ బోల్ట్ వదులుకి గుర్తు. కమాన్ ముందు కంటి (ఛాసిస్‌కి తగిలించే గుండ్రటి కొన) బుష్‌లో అర మీటరు రాడ్ పెట్టి తోయండి, రబ్బరు చీలి ఉంటే కంటికి కనపడుతుంది. బ్రేకులో వచ్చే "టక్" చాలాసార్లు ఆ బుష్‌దే. చివరగా షాకిల్, అంటే కమాన్ వెనక కొనని ఛాసిస్‌కి కలిపే ఊగే ముక్క: అది పూర్తిగా వెనక్కి పడుకుని ఛాసిస్‌కి ఆనుతోందా?

#3 టార్క్_లెక్క

మేస్త్రి గారు చెప్పినవి చూస్తూనే అసలు హౌసింగ్ ఎందుకు మెలి తిరుగుతుందో కూడా ఒకసారి చూద్దాం. షాపుల్లో పట్టీ వెయ్యడం, బెలూన్ పెట్టడం రెండూ ఒకటే అన్నట్టు చెప్తారు. కాదు.

చక్రాన్ని ముందుకి తిప్పే టార్క్ (తిప్పే బలం) ఎంతో, అంతే టార్క్ హౌసింగ్‌ని వెనక్కి తిప్పాలని చూస్తుంది. అంటే హౌసింగ్‌కి గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పినియన్ ముక్కు, పైకి లేస్తుంది. కమాన్‌కి ముందు సగం ఒక వైపుకీ వెనక సగం ఇంకో వైపుకీ వంగి, పక్క నుంచి చూస్తే పాములా కనపడుతుంది. టైరు జారగానే ఆ వంపంతా ఒక్కసారి వదులుతుంది, టైరు మళ్ళీ పట్టగానే మళ్ళీ వంగుతుంది. మీ గులకరాళ్ళ మీద టకటక అదే. బ్రేకు వేస్తే మెలి అటు నుంచి ఇటు, ముక్కు కిందికి.

అంకెలు చూద్దాం. ఇంజిన్ 360 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 4.5, వెనక ఇరుసు క్రౌన్ నిష్పత్తి 4 అనుకుంటే చక్రాల దగ్గర సుమారు 6,500. కానీ టైరు పట్టు అంత మొయ్యాలి కదా? ఖాళీ బండికి వెనక ఇరుసు మీద 800 కిలోలు, పట్టు 0.8, టైరు వ్యాసార్ధం 0.37 మీటర్లు వేసుకుంటే 2,300 దగ్గరే టైరు జారిపోతుంది. మీ లోడు కంటే ఎక్కువ, నిండా ఎక్కించి ఇరుసు మీద 1,900 కిలోలు ఉంటే 5,500 దాకా పట్టి ఉంటుంది. అందుకే లోడు బండి జారకుండా మెలి తిరుగుతుంది, ఖాళీ బండి జారుతూ ఎగురుతుంది. జబ్బు ఒకటే, బయటపడే తీరు రెండు.

#4 ఓరుగల్లు_డీజిల్

అన్నా, గా దిమ్మలు ముందుగాల తీసెయ్. అసలు దొంగ గదే. 50 మి.మీ. దిమ్మ అంటే మెలి తిప్పే లీవర్ డబుల్ అయినట్టే. దిమ్మలు ఉంచి ఎన్ని పట్టీలు ఏసినా గంతే.

#5 టార్క్_లెక్క

దిమ్మ తీసేయమనడం సరైనదే అన్నా, డబుల్ లెక్క మాత్రం కాదు. హౌసింగ్ కమాన్‌కి కింద ఉన్న బండిలో, కమాన్ మీద పడే మెలి అంటే టైరు వ్యాసార్ధానికి ఇరుసు మధ్య నుంచి కమాన్ దాకా ఉన్న ఎత్తు కలిపి, ఆ మొత్తంతో నేల తోపుని గుణించాలి. ఆ ఎత్తు మామూలుగా 75 మి.మీ. అనుకుందాం. 0.37 కి 0.075 కలిపితే 0.445. దిమ్మ పెడితే 0.495. పెరిగింది 11 శాతం.

మరి దిమ్మ పెట్టగానే వణుకు అంత ఎందుకు పెరుగుతుంది? అతుకులు పెరిగాయి కాబట్టి. కమాన్‌కీ దిమ్మకీ మధ్య ఒకటి, దిమ్మకీ హౌసింగ్‌కీ మధ్య ఒకటి. యూ బోల్ట్ పొడవు 50 మి.మీ. పెరిగింది. పోత దిమ్మ అడుగు పూర్తి చదునుగా లేకపోతే బోల్ట్ బిగువు వారంలోనే పోతుంది. అన్నిటికంటే ఘోరం దిమ్మ మీద దిమ్మ. అది ఎవరి బండిలో కనపడినా నడపొద్దనే చెప్పండి.

కమాన్ల మీద బరువు ఎంతో కూడా చూడండి. ఆ నిండు లోడుతో నేల తోపు 14,900 న్యూటన్లు, దాన్ని 0.495 తో గుణిస్తే 7,400. రెండు కమాన్లకి పంచితే ఒక్కోదానికి 3,700. కంటి నుంచి కంటికి 1.2 మీటర్లైతే ముందు కంటి దగ్గర 310 కిలోల బరువంత శక్తి ఛాసిస్‌ని పైకి నెడుతుంది, వెనక కంటి దగ్గర అంతే కిందికి లాగుతుంది. బుష్ చీలకుండా ఉంటుందా?

#6 ఓరుగల్లు_డీజిల్

సరే ఒప్పుకుంట. డబుల్ కాదు, 11. అయినా తీసెయ్ అన్నా 🙂

#7 చేపల_లోడు

బెలూన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. కమాన్‌కీ ఛాసిస్‌కీ మధ్య గాలి బెలూన్ పెడితే వెనక కూర్చుండి పోదు కదా, ఐసు డబ్బాల బండ్లకి బాగా పనికొస్తాయి. దీనికి పనికిరాదా?

#8 టార్క్_లెక్క

బెలూన్ బరువు మోస్తుంది, మెలిని పట్టదు. ఇరుసు మీద నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది కాబట్టి హౌసింగ్ ఎటు తిరిగినా దానికి పట్టదు. ఓవర్‌లోడ్ పట్టీదీ అదే కథ. కట్టకి దూరంగా వేలాడే ఆ కింది పట్టీ లోడు పడి ఆనేదాకా ఖాళీ బండిలో ఏమీ చెయ్యదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వెనక బ్రేకు ప్రెషర్‌ని లోడుని బట్టి తగ్గించే వాల్వు ఉన్న బండ్లలో, హౌసింగ్ నుంచి ఒక సన్నని రాడ్ ఆ వాల్వుకి వెళ్తుంది. బెలూన్లో గాలి నింపి బండిని లేపితే వాల్వు "బండి ఖాళీగా ఉంది" అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. నిజానికి వెనక టన్ను ఉంటుంది. దిమ్మలు పెట్టినా ఇదే మోసం. ఎత్తు పెంచినంతా ఆ రాడ్ బ్రాకెట్‌ని కూడా సర్దాలి. షాపులో ఎవరూ అడక్కుండా ఇది చెయ్యరు.

#9 ఘాట్‌దారి

కొలతలు తీశాను. చక్రాల మధ్య దూరం కుడి వైపు 6 మి.మీ. ఎక్కువ. దిమ్మ అంచుల్లో ఎర్ర పొడి ఉంది. యూ బోల్ట్ నట్లు అన్నీ పావు చుట్టు తిరిగాయి, కుడి వైపు ఒకటి మాత్రం అర చుట్టు. ముందు బుష్‌లు రెండు వైపులా పగుళ్ళే. షాకిల్ బాగానే ఉంది.

సెల్‌ఫోన్ బంపర్ కింద కట్టి వీడియో తీస్తే పినియన్ ముక్కు లేవడం కనిపిస్తోంది కానీ, మొదటి రెండు మీటర్ల వణుకుకీ దానికీ లంకె కనపడటం లేదు. ముక్కు లేచి అక్కడే ఉంటోంది, వణుకు వేరుగా వస్తోంది.

#10 పట్టీల_మేస్త్రి

ఆ చివరి మాట చాలా పనికొస్తుంది. ఆ వణుకు హౌసింగ్‌ది కాదు, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది. దిమ్మలతో వెనక ముక్క వాలు పెరిగింది, షాఫ్ట్‌ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ మాత్రం పాత ఎత్తులోనే ఉంది. లోడుతో నెమ్మదిగా కదిలేటప్పుడు షాఫ్ట్ కొనలో ఉండే క్రాస్ జాయింట్ ఒక్కో చుట్టుకీ రెండు సార్లు కుదుపుతుంది. వేగం పెరిగాక తెలీదు.

క్లచ్ వణుకు కాదని కూడా తేల్చుకోండి. మట్టి మీద ఫోర్ వీల్ హైలో పెట్టి అదే లోడుతో కదిలించండి. వెనకకి టార్క్ తగ్గుతుంది. వణుకు తగ్గితే వెనక వైపు జబ్బు, అంతే ఉంటే క్లచ్. తారు రోడ్డు మీద ఈ పరీక్ష వద్దు, ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి పట్టుకుని కొత్త చప్పుళ్ళు తెస్తాయి.

ఇక పని వరస. దిమ్మలు తీసేస్తారా?

#11 ఘాట్‌దారి

ఎత్తు కావాలి. దిమ్మలు తీసేసి కమాన్ కట్టలోనే ఎత్తు తెచ్చుకునే దారి ఉంటే సిద్ధం.

#12 పట్టీల_మేస్త్రి

ఉంది. మెయిన్ పట్టీ కింద, దాని పొడవులో మూడొంతులకి రెండొంతులుండే ఒక పట్టీ, కొంచెం ఎక్కువ వంపుతో. ముందు సగం మెయిన్ కంటికి దగ్గరగా వెళ్ళాలి, వెనక సగం పొట్టిగా ఉన్నా పర్లేదు. మెలిని ఆపేది ముందు సగమే.

మందం జాగ్రత్త. పట్టీ గట్టిదనం మందానికి మూడో ఘాతంగా పెరుగుతుంది. కట్టలో 7 మి.మీ. పట్టీలు మూడుంటే లెక్కకి 343 చొప్పున 1,029. దానికి 8 మి.మీ. ఒకటి కలిపితే ఇంకో 512, అంటే దాదాపు సగం గట్టిదనం పెరిగింది. ఖాళీ బండి తన్నుతుంది. 6 మి.మీ. అయితే 216, అంటే 21 శాతం. 600 కిలోల లోడుకి 6 చాలు. "మందం ఉంటే మంచిది" అనే షాపు మాట వినకండి.

ఆటోనగర్లలో పాత లారీ పట్టీలు కోసి వంచి ఇస్తారు. కోత గ్యాస్‌తో కోస్తే ఆ అంచు దగ్గర ఉక్కు పదును పోతుంది, ఆర్నెల్లకి అక్కడే విరుగుతుంది. కట్టర్ చక్రంతో కోయించండి, మధ్య రంధ్రం డ్రిల్లుతోనే. కమాన్ పట్టీకి వెల్డింగ్ మంట సోకనే కూడదు.

క్లిప్పులు: ముందు సగంలో ఉన్న క్లిప్పు పట్టీల్ని బిగించి పట్టుకోవాలి, వెనక క్లిప్పు పట్టీ జారేంత ఖాళీ ఉంచాలి. చాలా షాపుల్లో రెండూ సుత్తితో ఒకేలా బిగించేస్తారు. అలా చేస్తే కట్ట మొత్తం ఒకే దిమ్మలా పని చేస్తుంది, కుదుపు నేరుగా ఛాసిస్‌కి వెళ్తుంది.

యూ బోల్టులు కొత్తవే వెయ్యాలి. ఒకసారి సాగినవి మళ్ళీ బిగువు పట్టవు. దిమ్మ పోయింది కాబట్టి పాత పొడవు కూడా పనికిరాదు, పొడవు ఎక్కువై మరలు అయిపోయిన చోట నట్ ఆగిపోతుంది, బిగిసినట్టు అనిపిస్తుంది కానీ బిగవదు. ఒక్కో వైపు నాలుగు నట్లూ ఎదురెదురు మూలలుగా, మూడు విడతల్లో టార్క్ రెంచితో. అంకె మీ సర్వీసు పుస్తకంలోదే వాడండి. 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఇంకోసారి.

#13 కర్నూలు_గేరుబాక్స్

మేస్త్రి గారూ, పాత ఇంజిన్ ఆయిల్ పట్టీల మధ్య పూస్తారు మా వైపు. కిర్రుమనకుండా ఉంటాదని.

#14 పట్టీల_మేస్త్రి

వద్దు. ఆ ఆయిల్ కారి రబ్బరు బుష్‌లు ఉబ్బి చీలిపోతాయి. దానికి తోడు దుమ్ము పట్టి పట్టీని సానరాయిలా తింటుంది. పట్టీ కొనల్లో ఉండే ప్లాస్టిక్ బిళ్ళలు మార్చండి చాలు. మరీ జారేలా చేస్తే పట్టీల మధ్య రాపిడి పోతుంది. ఎగరడాన్ని కొంత ఆపేది ఆ రాపిడే, ఖాళీ బండి ఇంకా ఎక్కువ ఎగురుతుంది.

#15 టార్క్_లెక్క

పినియన్ కోణం సంగతి మర్చిపోకండి. రెండు ముక్కల షాఫ్ట్‌లో, పినియన్ గీత షాఫ్ట్ ముందు ముక్కకి సమాంతరంగా ఉండాలి. కమాన్ బండికి నిలబడినప్పుడు ముక్కు ఆ సమాంతర గీత కంటే 1 నుంచి 2 డిగ్రీలు కిందికి చూస్తుండాలి, కదలగానే లేస్తుంది కాబట్టి. క్రాస్ జాయింట్ యోక్ చదును ముఖం మీద డిజిటల్ కోణమాని పెట్టి కొలవండి. బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు.

తేడా ఉంటే కమాన్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఉక్కు వెడ్జి (ఒక వైపు మందంగా ఉండే ఏటవాలు బిళ్ళ). కమాన్ పైన, హౌసింగ్ కింద ఉన్న మీ బండిలో మందం వైపు వెనక్కి పెడితే ముక్కు లేస్తుంది, ముందుకి పెడితే దిగుతుంది. కమాన్ కింద ఉన్న బండ్లలో ఇది తిరగబడుతుంది, అక్కడే జనం పొరపడతారు. అల్యూమినియం వెడ్జిలు లోడు బండ్లలో నలిగిపోతాయి, వద్దు. పొడవైన సెంటర్ బోల్ట్ కూడా కావాలి.

వెడ్జితో తీరకపోతే సెంటర్ బేరింగ్ బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య 10, 12 మి.మీ. స్పేసర్లు వేసి దించండి. ఒక్కోసారి మొదటి రెండు మీటర్ల వణుకు దీనితోనే పోతుంది.

#16 రాడ్_వెల్డర్

ఇవన్నీ అయ్యాక కూడా ఎగురుతుంటే అప్పుడు ట్రాక్షన్ బార్. పికప్‌కి రెండు బార్లు అక్కర్లేదు, ఒకటి చాలు.

హౌసింగ్ గొట్టం మీద, మధ్యలో గేర్లుండే గుండు పక్కన, పైనొకటి కిందొకటి రెండు బ్రాకెట్లు. వాటి మధ్య నిలువు దూరం 180 నుంచి 200 మి.మీ. అక్కడి నుంచి ముందుకి నిచ్చెన ఆకారంలో వెళ్ళి 1.1 మీటర్ల దూరంలో ఒకే కంటిలో ముగుస్తుంది. ఆ కన్ను ఛాసిస్ అడ్డ పట్టీకి నిట్టనిలువు షాకిల్‌తో వేలాడాలి. ఈ షాకిల్ లేకుండా నేరుగా బోల్ట్ బిగిస్తారు కొంతమంది. తప్పు. చక్రం పైకి లేచినప్పుడు కమాన్ చదునై హౌసింగ్ వెనక్కి జరుగుతుంది. బార్ దాన్ని జరగనివ్వకపోతే బ్రాకెట్ చీలుతుంది, లేదా కమాన్ కన్ను విరుగుతుంది. షాకిల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పైకీ కిందికీ మాత్రం కదలనివ్వదు. మనకి కావలసింది అదే.

5,500 న్యూటన్ మీటర్లు ఈ బార్ ఒక్కటే మోస్తే ముందు కంటి దగ్గర 5,000 న్యూటన్లు, అంటే 510 కిలోల తోపు. బ్రేకులో అంతటి కాకపోయినా తిరగేసిన లాగుడు. అందుకని 6 మి.మీ. ప్లేటు బ్రాకెట్, త్రికోణపు ఊతాలు. ఛాసిస్ పక్క గోడకి బోల్టులతో బిగించాలి. పై అంచుకీ కింది అంచుకీ రంధ్రం వెయ్యొద్దు, బీములో అతి ఎక్కువ ఒత్తిడి ఉండేది అక్కడే. గొట్టం 42 మి.మీ. బయటి వ్యాసం, 4 మి.మీ. మందం.

హౌసింగ్ గొట్టానికి వెల్డింగ్ చేసేటప్పుడు ఒకే పొడవు గీత గియ్యకండి. 25 మి.మీ. చొప్పున అటొకటి ఇటొకటి, మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిచ్చి. లేకపోతే గొట్టం వంగుతుంది, బేరింగులూ ఆయిల్ సీళ్ళూ తినేస్తుంది. మధ్య గుండు పోత ఇనుమైతే దాని జోలికి వెళ్ళకండి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఇంజిన్ కంప్యూటర్ కనెక్టర్ కూడా తీసేసి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే బిగించండి.

బుష్‌లకి రబ్బరు చాలు. గట్టి బంతి జాయింట్లు రేసు బండ్లకి, ఇక్కడి దుమ్ములో వాటికి ఆయుష్షు ఉండదు.

#17 చేపల_లోడు

మలుపుల్లో వెనక ఊగకుండా వెనక స్వే బార్, లేకపోతే పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసుని ఛాసిస్‌కి అడ్డంగా కట్టేది) కూడా వేస్తే?

#18 రాడ్_వెల్డర్

స్వే బార్ బాడీ ఒరగడాన్ని తగ్గిస్తుంది, మెలికి సంబంధం లేదు. ఎత్తు లోడు కట్టే బండికి మంచిదే. పాన్‌హార్డ్ అక్కర్లేదు. కమాన్ బండిలో హౌసింగ్‌ని పక్కకి పోకుండా కమాన్లే పట్టుకుంటాయి. రాడ్ కదిలే వంపూ కమాన్ కదిలే దారీ వేరు కాబట్టి ఒకదాన్నొకటి లాగుతాయి. పక్కకి ఊగుతోందంటే షాకిల్ బుష్‌లు పోయాయని అర్థం.

#19 కర్నూలు_గేరుబాక్స్

షాకబ్జర్లు? చాలా పికప్‌లలో ఒకటి ఇరుసుకి ముందు, ఇంకొకటి వెనక పెట్టేది మెలి ఆపడానికే కదా?

#20 టార్క్_లెక్క

అవును. హౌసింగ్ ముక్కు లేచేటప్పుడు ఒకటి సాగుతుంది, రెండోది కుదించుకుంటుంది, రెండూ ఆపుతాయి. మెలిని పూర్తిగా ఆపలేవు, టకటక వేగాన్ని మాత్రం చల్లారుస్తాయి. ఒక్కటి చచ్చినా ఎగరడం పెరుగుతుంది, అందుకే జతగా మార్చాలి. ఎత్తు లేపిన బండికి పొడవైన షాకబ్జర్ కావాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడూ, చక్రం పూర్తిగా పైకి లేచి బంప్ స్టాపర్ (అడ్డు రబ్బరు) నలిగినప్పుడూ రెండు చివర్లలో కనీసం 25 మి.మీ. మిగలాలి.

#21 ఓరుగల్లు_డీజిల్

ఒక్క మాట. పట్టీ ఏసినమని ఆర్సీల ఉన్న లోడు పెరగది. టైర్లు, బ్రేకులు, బేరింగులు గవే కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పులకు అడ్డంకులున్నయి, పెద్ద మార్పు అయితే ముందుగాల ఆర్టీఏ ఆఫీసుల అడుగుర్రి. ఛాసిస్‌కి బార్ బిగించుడు అందులకే వస్తది.

#22 ఘాట్‌దారి

సరే, వరస ఇలా పెట్టుకున్నాను: దిమ్మలు తీసేసి 6 మి.మీ. పట్టీ, కొత్త సెంటర్ బోల్టులు, యూ బోల్టులు, ముందు బుష్‌లు, పినియన్ కోణం, సెంటర్ బేరింగ్. బార్ తర్వాత. బుష్‌లు వేసేటప్పుడు ఏమైనా జాగ్రత్త?

#23 పట్టీల_మేస్త్రి

ఒక్కటి. కంటి బోల్టులూ షాకిల్ బోల్టులూ బండి జాకీ మీద ఉన్నప్పుడు చేత్తో తిరిగేంతే పెట్టండి. చక్రాలు నేల మీద ఆని, బండిని రెండు మూడు సార్లు నొక్కి వదిలాకే పూర్తిగా బిగించండి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది, బండి దించగానే మెలి పడుతుంది, నెలలో చీలుతుంది. మీ పాత బుష్‌ల పగుళ్ళు కంటి చుట్టూ ఒకే దిక్కులో ఉన్నాయా చూడండి, ఉంటే పోయినసారి దిమ్మలు పెట్టినప్పుడు జాకీ మీదే బిగించేసినట్టు.